కాగితానికి కట్టిన తొట్టెల

మా ఇంట్లో పేరు పెట్టడానికి రెండుసార్లు తొట్టెల కట్టాం. మొదటిసారి మా అమ్మాయికి. రెండోసారి ఒక కాగితానికి.

మొదటిది ఎవరికీ గుర్తులేదు. రెండోదాని గురించి మాత్రం, గోదావరిఖనిలో మా పాత క్వార్టర్ల లైన్ వాళ్లు ఎవరు ఎదురైనా, బాగున్నావా అని అడగకముందే నవ్వడం మొదలుపెడతారు. నేనూ నవ్వుతాను. ఆ రోజున మాత్రం నాకు నవ్వు రాలేదు. సోమవారం పొద్దుటికల్లా ఆ కాగితానికి ఒక మంచి పేరు దొరక్కపోతే మా అమ్మాయికి బడి లేదు.

అది ఎనభైల చివర. అమ్మాయికి ఆరు నిండి ఏడో ఏడు నడుస్తోంది. మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. మా ఆయనది గని మీద ల్యాంపు రూంలో డ్యూటీ. గనిలోకి దిగేవాళ్లకు నంబరు చూసి దీపం ఇవ్వాలి, పైకి వచ్చాక నంబరు చూసి తీసుకోవాలి. ఆయనకు పాటలు రావు. అందుకని పిల్లను భుజాన వేసుకుని ఆ నంబర్లే రాగం తీసి జోకొట్టేవారు. నూట పది దాటితే నిద్రపోయేది. ఆ జోల మీద పెరిగిన పిల్ల కాబట్టి మా లైన్‌లో అందరినీ క్వార్టరు నంబరుతోనే పిలిచేది. పక్కింటి ఖాలా తొంభై ఒకటి. ఎదురింటి అక్క నూట నాలుగు. ఆ అక్క భర్త కూడా నూట నాలుగే, కానీ ఆయన్ని పిలిచేటప్పుడు గుసగుసగా పిలిచేది. ఆయనది ఏ వారం చూసినా నైట్ షిఫ్టే, అడిగి మరీ వేయించుకునేవాడు. పగలంతా పడుకునేవాడు. ఆ ఇంటి ముందు లైన్ మొత్తం గుసగుసగానే మాట్లాడేది.

మా అత్తమ్మ నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకునేది. ఆమె పేరు సున్నా.

"నలుగురు కొడుకులను గన్నదాన్ని, నన్ను సున్న జేసింది పోరి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. కొంగు పట్టుకుని గుంజేది. నాకు అదే చాలు, స్వామికి ఆ గుంజుడుకే రోజూ ఒక వత్తి ఎక్కువ వేసేదాన్ని.

ఇంకొకటి. ఎవరి గడప ముందు చెప్పులు కనిపించినా సర్దేది. జతలు కావు. ఎడమవన్నీ ఒక వరుస, కుడివన్నీ ఒక వరుస. ఫస్టు షిఫ్టుకు పోయేవాళ్లు ఒంటి కాలి మీద ఎగురుతూ తమ రెండో చెప్పు వెతుక్కునేవాళ్లు. ఒకాయన రెండు రకాల బూట్లతో గనిలోకి దిగి, పైకి వచ్చేదాకా ఎందుకు కుంటుతున్నాడో తెలుసుకోలేదట. ఎవరూ కోప్పడలేదు. నేను దండం పెట్టుకునే జాబితాలో వాళ్లందరూ ఉన్నారు.

పట్నంలో ఒక పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన ఏమీ అడగలేదు. ఆమె ఆయన బల్ల మీది మందు సీసాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేదాకా ఓపిగ్గా చూసి, కాగితం మీద ఇంగ్లీషులో ఒక మాట రాశారు. ఆటిజం.

"పిచ్చి కాదు, మొండితనమూ కాదు. పుట్టుకతో వచ్చిన తీరు" అన్నారు.

"తెలుగులో ఏమంటారు సార్?"

"ఇంకా ఎవరూ ఏమీ అనలేదమ్మా. ఉన్న మాటలు మాత్రం వాడకండి."

పిచ్చి కాదన్న ఆ ఒక్క ముక్కకు బస్సులో దారి పొడుగునా స్వామికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ వచ్చాను.

ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లాం. బడి అంటే అద్దెకు తీసుకున్న మూడు గదులు, ముందొక రేకుల పందిరి. పెద్దసారు మా ఆయనకు దోస్తు. పుస్తకం తెరిచి పేరు రాసుకున్నారు, పుట్టిన తేదీ రాసుకున్నారు. తర్వాత 'ఏదైనా అనారోగ్యం' అని ఒక గడి ఉంది. కాగితం తీసుకుని మూడుసార్లు చదివారు.

"గిదేం పేరమ్మా? రేపు ఎవలన్న తనిఖీకొచ్చి ఏందయ్యా ఇది అంటె నేనేం జెప్పాలె? అంటుకుంటదా అని తల్లులడిగితె ఏం జెప్పాలె?"

"అంటుకోదు సార్."

"నీకెరుక. ఈ పేరు జూస్తే వాళ్లకు ఎరుకైతదా?"

చాలాసేపు గడ్డం గోక్కుని, పెన్సిల్ తీసి ఆ గడిలో 'మెంటల్' అని రాశారు. చోటు చాలక చివరి అక్షరం గీత దాటి పక్క గడిలోకి పోయింది. మా అమ్మాయి అది చూసి సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఆ మాటకే బాధపడిందనుకున్నాను.

"నాకు మాత్రం ఇష్టమా?" అన్నారు సారు, నా ముఖం చూసి. "అందుకే పెన్సిల్ తోని రాసిన. సోమారం పొద్దుగాల బడి సురువైతది. ఆలోపు అందరికి సమజయ్యే పేరొకటి పట్టుకరార్రి, ఇది చెరిపి అది రాస్త. లేకుంటె పెన్నుతోని దిద్దాలె. దిద్దినంక ఆ పేరున్న పిల్లను తరగతిల కూసోబెడితె మిగతా తల్లులు ఊకోరు. మల్ల మీరే తీస్కపోవాల్సొస్తది."

పెన్సిల్ కనిపెట్టిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. ఆ సాయంత్రం దీపం ముందు ఆయన్ని కూడా తలుచుకున్నాను.

"ఇంట్ల నువ్వే చెప్పుకోరాదే?" అంది అత్తమ్మ. "మీ నాయన నీకు ఇంట్లనే చెప్పె గద. నువ్వేం తక్కువైనవ్?"

అది నిజం. నేను బడి గడప తొక్కలేదు. మా నాయన అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, పద్యాలు వల్లె వేయించాడు, లెక్కలు చెప్పాడు. ఆయన చేతి చలవ వల్లే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. కానీ పక్కన ఇంకో పిల్ల లేదు. నా పలక చూసి కాపీ కొట్టేవాళ్లు లేరు, నేను తప్పు చెబితే కిసుక్కున నవ్వేవాళ్లు లేరు. బడికి పోయే పిల్లలు మా అరుగు ముందు నుంచి తోసుకుంటూ పోతుంటే, తోయించుకోవాలని ఉండేది నాకు. మా అమ్మాయిని కూడా ఎవరైనా ఒకసారి తొయ్యాలి. నాకున్న కోరిక అంతే.

"ఇంట్ల చెప్తె మంచిగనే వస్తది అత్తమ్మా. కని దాని పక్కపొంటి ఎవలు కూసుంటరు?"

అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "అయితె పేరు మార్సాలె. పేర్ల సంగతి నాకొదిలెయ్" అంది.

పేర్ల విషయంలో ఆమెకు అనుభవం ఉంది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పోయారట. ఈమె పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, మేనత్త చేత ఎత్తించి, వింటేనే ముక్కు మూసుకోవాల్సిన పేరు పెట్టారు. మా వైపు అలా పెట్టడం ఉంది.

"సావు నా కోసమని వొచ్చింది. పేరడిగింది. ఛీ, దీన్నెవలు ఎత్తుకపోతరని మర్రిపోయింది. డెబ్బై ఏండ్లాయె, మల్ల రాలె" అని చెప్పేది. "గట్లనే గా జబ్బుకు ఒక పాడు పేరు పెట్టాలె. సిగ్గొచ్చి అదే పోతది."

"బడిల మంచి పేరు అడుగుతున్నరవ్వా" అన్నారు మా ఆయన.

"మంచి పేరు పెడితె మురిసిపోయి ఇక్కడనే ఉంటదిరా!"

"పోవాల్సిన పని లేదు. బడిల సీటు దొరికితె చాలు."

తల్లీ కొడుకులు అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. ఏ పేరు పెట్టినా తొట్టెల కట్టి, నలుగురు ఆడవాళ్ల ముందర పెట్టాలి. లేకపోతే ఆ పేరు అంటదు. చెరిపేసినా పాత పేరే పైకి వస్తుంది. నేను వద్దన్నాను. రెండోసారి అంత గట్టిగా అనలేదు. మూడోసారి శనగలు నానబోశాను.

అలా ఆదివారం మధ్యాహ్నం మా ముందు గదిలో తొట్టెల వేలాడింది. తొట్టె పక్కింటి ఖాలాది, ఆమె మనవడు దాన్ని ఖాళీ చేసి నెల అయింది. మగవాళ్లు లోపల ఉండకూడదు కాబట్టి మా ఆయన్ని బయటికి పంపారు. ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. అమ్మాయి గోడ వారగా కూర్చుని చెవులు మూసుకుంది, ఆడవాళ్లు ఇంకా మాట్లాడటం మొదలుపెట్టకముందే.

ముందు కాగితానికి స్నానం చేయించాలంది అత్తమ్మ. సిరా కారిపోతుందని నేను కాళ్ల మీద పడినంత పని చేశాను. చివరికి అంచు మీద పసుపునీళ్లు చిలకరించడానికి ఒప్పుకుంది. బొట్టు డాక్టరు గారి సంతకం మీద పెట్టింది. దిష్టి తగలకుండా మూల మీద కాటుక చుక్క పెట్టింది. తర్వాత తొట్టె కింది నుంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందించుకున్నాం. ఖాలా తన వంతు రాగానే, ఎంత అలవాటో, కాగితం తలకింద చెయ్యి పెట్టి పట్టుకుంది.

పేరు చెవిలో చెప్పాలి. కాగితానికి చెవి ఏదీ? అందరం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాం.

"గుండుసూది గుచ్చిన బొక్క ఉన్నది గద" అంది ఎదురింటి అక్క. "గదే చెవు. కుట్టిచ్చిన చెవే."

అత్తమ్మ చేతులడ్డం పెట్టుకుని ఆ బొక్కలో తను అనుకున్న పాడు పేరు చెప్పేసింది. ఏం పేరో ఎవరికీ చెప్పలేదు. "మీరు మీ బడి పేరు పెట్టుకోర్రి. నా పని నేను జేసిన" అంది.

"లెక్కలమ్మ తల్లి అని పెడుదాం" అంది అక్క. "ఒళ్లంత పొక్కులొస్తె అమ్మవారు అంటలేమా? అమ్మోరి పేరు పెడితె ఎవలన్న కిమ్మంటరా? కొబ్బరికాయ కొట్టి దండం బెడతరు."

ఆ మాట అంటూనే తన చేత్తో కాగితాన్ని తాకి కళ్లకు అద్దుకుంది. వాళ్ల పెద్దబిడ్డ లెక్కల్లో తప్పింది. ఇంకో ఏడాది ఆగితే మా గుమ్మం ముందు బోనాలు దిగుతాయని భయం వేసింది నాకు.

"నాజూక్ తబియత్, అంటె సుకుమారం పాణం అని రాపియ్యి బేటీ" అంది ఖాలా. "మా ఇండ్లల్ల ఎవలకేమున్న గదే అంటం. ఇంక ఎవ్వలు ఏం అడగరు. ఇజ్జత్ తోని అయిపోతది."

"నాజూకా?" అత్తమ్మ లేచింది. "మొన్న రోలు గోడకు వంకరగున్నదని ఒక్కతే నూకి నూకి సక్కగ వెట్టింది. రోలును కదిలిచ్చినోళ్లు నాజూకా?"

"అరె, దిల్ నాజూక్ అంటున్న!"

"దిలేందో గిలేందో, నా రోలును నూకిందా లేదా?"

"'లెక్క ఎక్కువ' అని రాయమందామా?" కిటికీలోంచి మా ఆయన.

"నువ్వు మగోనివి, నోర్ముయ్!" ముగ్గురూ ఒకేసారి అన్నారు.

ఇక ఎవరు ఏం అంటున్నారో తెలియలేదు. ఉడికించిన శనగ గుడాలు చేతుల్లోంచి రాలుతున్నాయి. లెక్కలమ్మ అని ఒకరు, నాజూక్ అని ఒకరు. తొట్టె దానంతట అదే ఊగుతోంది. నేను మనసులో స్వామిని గట్టిగా పిలుస్తున్నాను, ఆ గోలలో ఆయనకు వినబడిందో లేదో.

అప్పుడు ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఏంది లొల్లి? నైట్ షిఫ్టు జేసొచ్చిన, జర పండుకోనియ్యుర్రి!"

క్షణంలో గది మూగపోయింది. అక్క నాలుక కరుచుకుంది. ఖాలా తొట్టెను చేత్తో ఆపింది. మా అత్తమ్మ, తన కొడుకుల పెళ్లిళ్లలో కూడా గొంతు తగ్గించని మనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా దగ్గర అంతే. నైట్ షిఫ్టు వాళ్ల ఇంటి ముందు ఎవరూ దంచరు, రేడియో పెట్టరు. కూరగాయలమ్మే ఆమె ఆ ఇల్లు దాటేదాకా అరవదు. పట్టపగలు ఎందుకు పడుకున్నావని ఎవరూ అడగరు.

ఆ నిశ్శబ్దంలో అమ్మాయి చెవుల మీది నుంచి చేతులు తీసింది. లేచి వచ్చి, పళ్లెంలోంచి గుడాలు పిడికెడు తీసుకుని, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఆ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

కిటికీ దగ్గర మా ఆయన గుసగుసగా అన్నారు: "దీనిది గూడ వేరే షిఫ్టే గద."

ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు.

"మల్ల జెప్పు" అంది అత్తమ్మ, కొంగు వెనక నుంచి.

"మనం మాట్లాడుకునే టైముల దీనికి నిమ్మలం గావాలె. మనం పండుకునే టైముల ఇది లెక్కలు వెడతది. అందరిది ఫస్టు షిఫ్టు, దీనిది వేరే షిఫ్టు. అంతే గదనే?"

ఎదురింటి అక్క నెమ్మదిగా తలూపింది. "గట్లనా? అయితె నాకెరుకే. పదేండ్ల సంది ఇంట్ల అసొంటోన్నే సాదుకుంటున్న."

నవ్వొస్తే నవ్వకూడదు, ఆయన పడుకున్నాడు. కొంగులు కుక్కుకుని, భుజాలు అదురుతుంటే, అలాగే తొట్టె చుట్టూ నిలబడి గుండుసూది బొక్కలో మూడుసార్లు చెప్పాం. వేరే షిఫ్టు, వేరే షిఫ్టు, వేరే షిఫ్టు. గుసగుసగా చెప్పడం వల్ల నిజంగా నామకరణంలాగే ఉంది. ఆ సాయంత్రం ఎదురింటాయన లేచాక ఒక గిన్నెడు గుడాలు పంపాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

సోమవారం పొద్దున్నే బడికి బయలుదేరాం. నేనూ అమ్మాయీ చాలు, కానీ అత్తమ్మ వస్తానంది, అత్తమ్మ వస్తే ఖాలా కూడా వస్తానంది. పెద్దసారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి సగం లేచారు.

"దొరికిందా?"

"వేరే షిఫ్టు సార్" అన్నాను.

"ఏంది?"

చెప్పాను. ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని విన్నారు. "అమ్మా, ఇది మంచిగున్నది. కని ఇది జబ్బు పేరు గాదు గద! పుస్తకంల ఎట్ల రాయాలె?"

"మెంటల్ జబ్బు పేరా?" అంది అత్తమ్మ. "గది ఏ డాక్టర్ రాసిండు? నువ్వే రాసినవు గద!"

"నేను పెన్సిల్ తోని..."

"దేంతోని రాస్తె ఏంది? తొట్టెల గట్టినవా? నలుగురిని పిలిసినవా? మేం పిలిసినం. శెనగలు నానబోసినం. నీది పేరెట్లయితది, మాది పేరెట్ల గాదు?"

సారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఖాలా, "పాప రాతిరంత నిద్రపోలే సాబ్, కొత్త బడి అని" అని ఏదో అందుకుంది. ఈ గొడవలో అమ్మాయిని ఎవరూ చూడలేదు. ఆమె బల్ల పక్కకు చేరి పుస్తకంలోకి వంగింది. మళ్లీ ఆ సన్నటి మూలుగు. సారు బల్ల మీది రబ్బరు తనే తీసుకుని, ముందు గీత దాటిన అక్షరాన్ని చెరిపింది. దాంతో మిగతా మాట పొట్టిగా అయిపోయినట్టుంది, అది కూడా నచ్చలేదు. మొత్తం చెరిపింది. రబ్బరు పొడి నోటితో ఊది, ఖాళీ అయిన గడిని వేలితో నాలుగు మూలలా తడిమి, నిట్టూర్చింది.

అప్పుడు తెలిసింది నాకు. మొదటి రోజు మూలిగింది కూడా ఆ మాటకు కాదు, అక్షరం గీత దాటినందుకు. నేనొక్కదాన్నే మూడు రోజులు ఏడ్చాను.

సారు ఖాళీ గడి వైపు చూశారు. పైనున్న పిల్లల గడులన్నిటిలో ఏముందో చూశారు. అన్నిటిలోనూ అడ్డగీత, ఏమీ లేదని. పెన్ను తీశారు. ఆయన మా అమ్మాయి గడిలో కూడా ఒక అడ్డగీత గీశారు.

అది కొంచెం వంకరగా వచ్చింది. అమ్మాయి స్కేలు అందించింది. ఆయన దాంతో మళ్లీ గీశారు.

"పో బిడ్డా, పోయి కూసో" అన్నారు.

ఆ వారం మొదలు రోజూ మధ్యాహ్నం మూడింటికి గని మీద ఫస్టు షిఫ్టు వదిలే సైరన్ కూయగానే అమ్మాయి సంచి భుజాన వేసుకుని లేచి ఇంటికి వచ్చేసేది. బడి నాలుగింటి దాకా. పంతులమ్మ చెయ్యి పట్టుకుని ఆపితే, "షిఫ్టు అయిపోయింది" అనేదట. ఆమె నోట మూడు రోజుల్లో అది రెండో మాట. ఇంటికి వచ్చేటప్పటికి కాళ్లకు చెప్పుల జత ఎప్పుడూ సరిగ్గా ఉండేది కాదు, ఒకటి ఆమెదైతే రెండోది ఇంకెవరిదో. బడి గుమ్మం దగ్గర రెండు వరుసలు మొదలయ్యాయని అర్థమైంది. ఆ శుక్రవారం మోచేయి గీరుకుపోయి వచ్చింది. ఏమైందే అంటే, "పదిహేడు నూకింది" అంది. హాజరు పట్టీలో పదిహేడో నంబరు పిల్ల తోసిందట. నేను గాయానికి పసుపు పెట్టి, దేవుడి గదిలోకి పోయి, కాసేపు అక్కడే కూర్చున్నాను. నా కోరిక తీరింది.

తొంభైలలో పట్నం డాక్టర్లు మారారు, ఆ మాటా మారుతూ వచ్చింది. దానికి ముందో ముక్క చేర్చారు, వెనకో ముక్క తగిలించారు, తర్వాత ఒకటి తీసేశారు. ప్రతి డాక్టరూ ఆ పాత కాగితం చూసి, సంతకం మీద ఈ ఎర్ర మరక ఏమిటని అడిగేవాడు. ఇంటికొచ్చి కొత్త పేరు చెబితే అత్తమ్మ ఒకటే అడిగేది: "తొట్టెల గట్టిండ్రా?" లేదని చెబితే, "అయితె అంటది" అనేది, అంటదు అన్న అర్థంలో చెయ్యి ఊపుతూ.

తను పెట్టిన పాడు పేరు మాత్రం చివరిదాకా చెప్పలేదు. అడిగితే, "అది చెప్తె వాపసొస్తది" అనేది.

ఇదంతా కాకముందు, అమ్మాయి చేరిన రెండో ఏడు, బడి తెరిచిన కొత్తలో ఒక రోజు మూడింటికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. రేకుల పందిరి కింద ఒకామె తన పిల్లాడిని చేర్పించడానికి వచ్చి సారు ఎదురుగా కూర్చుంది. సైరన్ కూసింది. తరగతి నడుస్తుండగానే మా అమ్మాయి లేచి, ఎవరినీ అడగకుండా, సంచి వేసుకుని ఆమె పక్క నుంచే బయటికి నడిచింది.

"ఏంది సార్, ఆ పిల్ల గట్ల పోతది?" అందామె గట్టిగా. "ఏమన్న ఉన్నదా దానికి?"

పెద్దసారు రాస్తున్న పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఏం లేదమ్మా. ఆమెది వేరే షిఫ్టు."

"ఓ, గట్లనా" అందామె, గొంతు తగ్గించి. తన పక్కన కుర్చీని టకటకమని ఊపుతున్న కొడుకు తొడ మీద ఒకటి వేసి, గుసగుసగా అంది: "సప్పుడు జెయ్యకురా."